డిబ్బుక్ ఉండేది పెట్టెలో కాదు: యూదు నాటకం, అపోహలు - వాస్తవాలు

నాటకాలు ఆడించడం, నటన నేర్పడం నా పని. యూదుల రంగస్థలం గురించి మాట వచ్చినప్పుడల్లా కుర్రాళ్ల నోట వినిపించే అపోహలివి.

అపోహ: యూదుల కథలంటే నాజీల కాలపు కన్నీళ్లే.

ఆ గాయం చిన్నది కాదు. కానీ వాళ్ల నాటకానికి పుట్టిల్లు పండగ సందడి. పూరిమ్ పండగ నాడు, యూదుల్ని కాపాడిన ఎస్తేరు రాణి కథ చెప్పే బైబిలు భాగం, ఎస్తేరు గ్రంథం చదువుతారు. యూదులందర్నీ చంపించాలని చూసిన హామాను పేరు రాగానే పిల్లలూ పెద్దలూ గిలకలు తిప్పుతూ, కాళ్లు నేలకేసి కొడుతూ ఆ పేరే వినబడకుండా చేస్తారు. అతని పదిమంది కొడుకుల పేర్లు మాత్రం ఒక్క గుక్కలో చదివేయాలి. తూర్పు యూరప్‌లో వేషాలు కట్టి, ఇంటింటికీ తిరిగి ఈ కథ ఆడేవాళ్లు. మన పాత పద్యనాటకాల్లోలాగే రాణి వేషమూ మగవాళ్లే వేసేవారు.

అపోహ: యూదు నాటకమంటే హీబ్రూ నాటకం.

జనం నవ్విందీ ఏడ్చిందీ ఎక్కువగా యిడ్డిష్‌లో, అంటే తూర్పు యూరప్ యూదులు ఇళ్లలో మాట్లాడుకున్న భాషలో. 1876లో రుమేనియాలోని యాషీలో అబ్రహాం గోల్డ్‌ఫాడెన్ వేయించిన ప్రదర్శనలతో యిడ్డిష్ వృత్తి నాటకం మొదలైందంటారు. అక్కడి నుంచి అది న్యూయార్క్‌లో యిడ్డిష్ థియేటర్ల వీధి అయిన సెకండ్ అవెన్యూ దాకా వెళ్లింది.

అపోహ: దీపాలు వెలిగించే హనుక్కా వాళ్ల అతిపెద్ద పండగ.

కాదు. పస్కా, ఉపవాసముండి పాపక్షమాపణ కోరే యోమ్ కిప్పూర్ అంతకన్నా పెద్దవి. క్రిస్మస్ దగ్గర్లో వస్తుంది కాబట్టి అమెరికా సినిమాల్లో హనుక్కా ఎక్కువ కనిపిస్తుంది.

అపోహ: డిబ్బుక్ అంటే పెట్టెలో బంధించిన దెయ్యం.

మలయాళ, హిందీ హారర్ సినిమాల వల్ల మనవాళ్లకీ ఇదే తెలుసు. ఆ పెట్టె కథ 2003లో ఈబేలో పెట్టిన ఒక ప్రకటనతో పుట్టింది. అది కల్పించిందేనని రాసినాయనే తర్వాత ఒప్పుకున్నాడు. జానపద కథల్లో డిబ్బుక్ అంటే బతికున్నవాళ్లను ఆవహించే చనిపోయినవాళ్ల ఆత్మ.

యూదు రచయిత ఎస్. అన్‌స్కీ 1912 నుంచి ఇప్పటి ఉక్రెయిన్ వైపున్న వొలీనియా, పొడోలియా ప్రాంతాల ఊళ్లు తిరిగి ఇలాంటి కథలూ పాటలూ సేకరించాడు. ఆయన ‘డిబ్బుక్’ నాటకాన్ని 1920 డిసెంబరులో వార్సాలో మొదటిసారి ఆడారు. అప్పటికి ఆయన పోయి నెల. అందులో ఇద్దరు స్నేహితులు పిల్లలు పుట్టకముందే వియ్యమందుకుందామని మాట ఇచ్చుకుంటారు. ఒకడు చనిపోతాడు. రెండోవాడు డబ్బు చేరాక కూతురికి గొప్పింటి సంబంధం చూస్తాడు. ఆమెను ప్రేమించిన కుర్రాడు, అంటే ఆ స్నేహితుడి కొడుకే, ప్రాణం విడిచి ఆమెను ఆవహిస్తాడు.

అప్పుడు రబ్బీ, అంటే యూదుల మతగురువు, పంచాయితీ పెడతాడు. చనిపోయిన తండ్రే ఫిర్యాది. ఆయన కోసం ఒక మూల తెర కడతారు. ఆస్తిలో సగం పేదలకివ్వాలని, ఏటా ఆ తండ్రీకొడుకుల పేరున ప్రార్థన చదవాలని తీర్పు చెబుతారు. తెర వెనక నుంచి తీర్పుకు ఒప్పుకున్నట్టు ‘ఆమెన్’ అన్న మాట మాత్రం రాదు.

మాట తప్పినవాడి మీద వేసిన దావా ఇది. ఎర్ర లైట్లు, కేకలతో దీన్ని నింపితే నాటకం చచ్చిపోతుంది. ఎవరైనా ఇది వేయాలనుకుంటే రిహార్సల్ ఆ పంచాయితీ రంగంతోనే మొదలుపెట్టమంటాను.