మడమ నొప్పి దాచుకోకండి

పెదవాల్తేరు,
విశాఖపట్నం

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. వేసవి సెలవులు వస్తే మన ఊళ్లో గ్రౌండ్లన్నీ కోచింగ్ క్యాంపులే. రెండు మూడు వారాలు గడిచేసరికి పదీ పన్నెండేళ్ల పిల్లలు కొందరు మునివేళ్ల మీద నడుస్తూ ఇంటికొస్తుంటారు. మడమ ఆనిస్తే నొప్పి. చెబితే ఆట మాన్పించేస్తారని భయం. ఫిజియోథెరపిస్టుగా ఏళ్ల తరబడి ఇలాంటి పాదాలు చూసినవాణ్ని కాబట్టి, ముఖ్యంగా ఆ చెప్పనివాళ్ల కోసమే ఈ ఉత్తరం.

మీ వయసులో మడమ ఎముక ఇంకా పూర్తిగా కట్టుకోదు. దాని వెనక భాగంలో మెత్తటి ఎదుగుదల పొర ఉంటుంది. నిన్న పోసిన స్లాబు లాంటిది, బరువు పడితే ఓర్చుకోలేదు. పిక్క కండరాన్ని మడమకు కట్టే లావుపాటి టెండన్ సరిగ్గా అక్కడే అతుక్కుని ఉంటుంది. మీరు ఉన్నట్టుండి పొడుగైపోయే రోజుల్లో ఎముక ముందు సాగుతుంది, కండరం వెనకబడి బిగుసుకుంటుంది. పరుగులో ప్రతి అడుగుకీ ఆ పొరను లాగుతుంది. బోస్టన్ డాక్టరు జేమ్స్ సీవర్ 1912లో దీని గురించి రాశారు, అందుకే సీవర్స్ అంటారు. 8 నుంచి 14 ఏళ్ల లోపు ఆటగాళ్లలో ఎక్కువ.

మడమను రెండు పక్కల నుంచీ బొటనవేలితో, చూపుడువేలితో పట్టి మెల్లగా నొక్కుతాం. అంతవరకూ "ఏం లేదు తాతయ్యా" అన్నవాడు చటుక్కున కాలు వెనక్కి లాక్కుంటాడు. చాలాసార్లు రోగం తెలుసుకోవడానికి అదే చాలు. పరుగులూ గెంతులూ తగ్గించాలి, బూట్లలో మడమ కింద మెత్తటి ప్యాడ్ వేసుకోవాలి, ఆట అయ్యాక ఐసు పెట్టాలి, పిక్కల్ని రోజూ సాగదీయాలి. నొప్పి తగ్గాకే మళ్లీ పూర్తి ఆట. సుమారు 15 ఏళ్లకు ఆ పొర ఎముకలో కలిసిపోతుంది, ఈ బాధ శాశ్వతంగా పోతుంది. కాబట్టి టెన్షన్ వద్దు.

ఆర్కే బీచ్‌లో వట్టి కాళ్లతో పరిగెత్తేవాళ్లకు ఒక మాట. పొడి ఇసుకలో మడమ లోపలికి దిగిపోయి టెండన్ ఎక్కువగా సాగుతుంది. నీటి అంచున ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపు వాలుంటుంది, ఒక పాదం ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. అలవాటు లేనివాళ్లు ఎక్కువసేపు పరిగెత్తకండి.

ఇక బెణుకు. పాదం లోపలికి మడత పడితే చీలమండ బయటి వైపు ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీలు, అంటే లిగమెంట్లు, సాగుతాయి, ఒక్కోసారి తెగుతాయి. కాసేపటికి కోడిగుడ్డంత వాపు. వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు నూనె రాసి కాలు లాగుతామంటారు. ఒప్పుకోకండి. చింతపండు, ఉప్పు ఉడికించి వేడివేడిగా పట్టు వేయడం మన ఇళ్లలో పాత అలవాటే గాని, మొదటి రెండు రోజులూ వేడీ, మాలిషూ వాపును పెంచుతాయి. ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టండి. క్రేప్ బ్యాండేజీని వేళ్ల మొదళ్ల నుంచి పైకి చుట్టండి. వేళ్లు తిమ్మిరెక్కినా రంగు మారినా వదులు చేయాలి. కాలి కింద దిండ్లు పెట్టుకుని పడుకోండి.

కాలు మోపి నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు అటూ ఇటూ పొడుచుకొచ్చిన ఎముకల వెనక అంచు నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. కెనడాలోని ఒటావా డాక్టర్లు 1992లో ప్రకటించిన గుర్తులివి. మీకైతే లిగమెంటు కంటే ఎదుగుదల పొర ముందు దెబ్బతినొచ్చు, అందుకే ఇంకాస్త జాగ్రత్త. వాపు తగ్గాక ఒంటికాలి మీద నిలబడే అభ్యాసం రోజూ చేయండి. దాన్ని వదిలేసినవాళ్లకే అదే కాలు మళ్లీ మళ్లీ బెణకడం ఎక్కువగా చూశాను.

అమ్మకో నాన్నమ్మకో పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టుంటే అది వేరే సంగతి. మడమ నుంచి వేళ్ల దాకా ఉండే అరికాలి పట్టీ దెబ్బతినడం వల్ల వస్తుంది. మంచం దిగకముందే తువ్వాలుతో పాదం వేళ్లను తమ వైపు లాక్కోమనండి, గచ్చు మీద వట్టి కాళ్లతో గంటలు గంటలు నిలబడొద్దనండి. ఎక్స్‌రేలో ఎముక ముల్లులా పెరిగిందని చెబితే భయపడిపోతారు. నొప్పి లేనివాళ్లలోనూ అది కనిపిస్తుంది. చాలామందికి ఆపరేషన్ లేకుండానే ఏడాదిలోపు తగ్గిపోతుంది.

ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు వెళ్లే పెద్దల్లో షుగరున్నవాళ్లుంటే, ఆ 32 కిలోమీటర్లు నడిచొచ్చాక వాళ్ల అరికాళ్లు మీరే చూడండి. స్పర్శ తగ్గినవాళ్లకు పుండు పడినా తెలియదు.

రాత్రి నిద్రలో లేపే నొప్పి, జ్వరంతో పాటు మడమ ఎర్రబడి వాయడం, పరిగెడుతుండగా మడమ వెనక టప్పుమని ఆ తర్వాత మునివేళ్ల మీద లేవలేకపోవడం, వీటిలో ఏదైనా సరే తెల్లారేదాకా ఆగకండి. ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో, దగ్గర్లోని ఎముకల డాక్టరు దగ్గరికో అప్పుడే తీసుకెళ్లమని ఇంట్లో చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య