వాన మీద ఏం రాయాలని అడిగిన పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. మృగశిర కార్తె ఇంకా వెళ్ళలేదు, అప్పుడే రెండు మంచి వానలు పడ్డాయి. కాలువకి నీళ్ళు వదిలి వారమైంది. నారుమళ్ళు పోస్తున్నారు.

అమ్మడు అడిగినదానికి ఫోన్లోనే జవాబు చెబుదామనుకున్నాను గానీ అది ఫోన్లో తేలే సంగతి కాదు. స్కూల్ మ్యాగజైనుకి ‘వాన’ మీద పేజీన్నర రాయమన్నారట. చిటపట చినుకులు రాసింది, కాగితం పడవ రాసింది, ఇంద్రధనస్సు రాసింది, చివర్లో మిరపకాయ బజ్జీలు కూడా రాసింది. తీరా చూస్తే క్లాసులో సగం మంది అవే రాశారట. “రాసేవాళ్ళకి రాయడానికి ఎక్కడి నుంచి వస్తుంది తాతయ్యా? నాకు టెన్షన్ తప్ప ఇంకేం రావట్లేదు” అంది. మీలో మిగతావాళ్ళకీ ఈ బాధ ఉండే ఉంటుందని అందరికీ కలిపి రాస్తున్నాను.

అమ్మడూ, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ ఏడు నువ్వు కాగితం పడవ వేశావా? మీ నాలుగో అంతస్తులో వేయడానికి నీళ్ళేవి? అది నువ్వు చూసిన వాన కాదు, ఎవరో చూసి ఎప్పుడో రాసేసిన వాన.

రాత్రి పడుకోబోయే ముందు మీ అమ్మ పెరుగు తోడు పెట్టడం చూసే ఉంటారు. పాలు మీ దగ్గర ఉన్నాయి. మీకు వచ్చిన తెలుగు, మీరు విన్న కబుర్లు, మీ కోపాలు, మీ అల్లరి, అన్నీ పాలే. గిన్నె నిండా ఉన్నా సరే, వాటిని చూస్తూ కూర్చుంటే పెరుగు అవదు. చెంచాడు తోడు పడాలి. అది బయటి నుంచి రావాలి. నీ కంటితో నువ్వు చూసిన ఒక చిన్న సంగతి, అంతే. గరిటెడు వేస్తే పుల్లబడిపోతుంది. వాన మొత్తం, గోదావరి మొత్తం ఒక్క పేజీలో పోసేద్దామనుకున్నా అంతే. మరిగే పాలల్లో వేస్తే విరిగిపోతాయి, అందుకని చూసొచ్చిన ఉత్సాహంలో వెంటనే కాగితం పట్టుకోకండి, ‘ఆహా ఓహో’ తప్ప ఏం పడదు. కాస్త గోరువెచ్చన కానివ్వండి. వేశాక గిన్నె కదపకూడదు. నేను చిన్నప్పుడు తోడుకుందో లేదోనని మూత తీసి చూస్తుంటే మా అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. చలికాలంలో ఆలస్యమవుతుంది, అలాగే కొందరికి మాట నిదానంగా పడుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. పక్కింట్లో అడిగి తెచ్చుకోకూడదా అంటారేమో. తెచ్చుకోవచ్చు, పుస్తకాలు చదవడమంటే అదే. అయితే వాళ్ళ పెరుగు పులిసినదైతే మీదీ అలాగే తోడుకుంటుంది. ఇక్కడ ఆపుతాను, లేకపోతే మజ్జిగ, కవ్వం, వెన్న దాకా వెళ్ళేలా ఉన్నాను.

మరి ఆ చెంచాడు ఎక్కడ దొరుకుతుంది? మా నాన్న గోదావరి కాలువ మీద లొల్ల లాకుల దగ్గర లస్కరుగా చేసేవారు. మీలో చాలామందికి లస్కరంటే తెలీదు. కాలువ గట్లు చూసుకోవడం, లాకు తలుపులు ఎత్తడం, దించడం, ఏ కాలువకి ఎంత నీరు పోవాలో అంత పోనివ్వడం ఆయన పని. అప్పట్లో ఆ కాలువల మీద ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు తిరిగేవి. గాలి లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని లాగేవారు. పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపులు మూసి, ముందు నీళ్ళు వదిలేవారు. నీళ్ళతో పాటు పడవా మెల్లగా కిందికి దిగేది. అందులో కూర్చున్న అవ్వ మాట్లాడుతూ మాట్లాడుతూ గట్టు కిందికి మాయమైపోయేది, మాట మాత్రం వినిపిస్తూనే ఉండేది.

అన్నిటికంటే పెద్ద పండగ కాలువ వదిలే రోజు. వేసవిలో కాలువ కట్టేస్తారు కదా, అడుగంతా ఎండిపోయి బీటలిచ్చేది. జూన్‌లో కాలువ మొదలయ్యే బొబ్బర్లంక దగ్గర నీళ్ళు వదిలారని కబురొస్తే చాలు, పిల్లలమంతా కాలువ లోపలికి దిగేవాళ్ళం. నీళ్ళంటే ఒక్కసారిగా కాలువ నిండా వస్తాయనుకుంటారు. అలా రావు. ముందు బెత్తెడు లోతున మురికి నురగ వచ్చేది. నురగ మీద ఎండుటాకులు, కొబ్బరి పీచు, ఎవరిదో ఒంటి చెప్పు. నడిచే మనిషి కంటే నిదానంగా వచ్చేది. నీళ్ళు బీటల్లోకి దిగితే లోపలి గాలి బుడబుడమని పైకి తన్నేది. అందులో దాక్కున్న కీచురాళ్ళు, జెర్రులు, సాలీళ్ళు అన్నీ ప్రాణాలరచేత పట్టుకుని బయటికి ఉరికేవి. వాటి కోసం కొంగలు నీటి అంచుకి కాస్త ముందు నడిచేవి. నీళ్ళు కాళ్ళకి తగిలితే ఎగిరి మళ్ళీ ముందుకి వాలేవి. ఆ నీటికంటే ముందు మేము నడిచేవాళ్ళం, ‘వచ్చేస్తంది వచ్చేస్తంది’ అని అరుచుకుంటూ. ఇంక ఆ వాసన! తడిసిన మట్టి వాసనకి కారణం మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థమని తర్వాతెప్పుడో చదివాను. మంచిదే. కానీ ఆ పేరు తెలియక ముందు నా ముక్కుకి తక్కువేం కాలేదు.

నాన్నకి ఒక రిజిస్టరు ఉండేది. రోజూ పొద్దున్నే గేజీ చూసి, నీరు ఎన్ని అడుగుల మీద ఉందో అందులో రాయాలి. పక్కన రిమార్కుల గడి. ఆయన నాలుగో తరగతి చదివిన మనిషి. ఆ గడిలో ఏం రాసేవారంటే, ‘ఎడమ గట్టున ఎండ్రకాయ బొక్క, నీరు ఊరుతోంది.’ ‘నిన్న సాయంత్రం నుంచి నీరు ఎరుపు తిరిగింది.’ ‘తలుపు సందులో తాబేలు, తీసి వదిలితిమి.’ అందులో ‘అందమైన’ అనే మాట ఒక్కటి లేదు. అయినా అది చదివితే ఆ రోజు ఏం జరిగిందో నాకు కళ్ళకి కట్టేది. నన్నడిగితే మీలో ప్రతి ఒక్కరూ అలాంటి రిజిస్టరు పెట్టాలి. తేదీ, చూసిన చోటు, చూసినది. నీకేమనిపించిందో అప్పుడే వద్దు, అది తర్వాత దానంతట అదే వస్తుంది.

ఇప్పుడు చూడాల్సినవి చాలానే ఉన్నాయి. వానాకాలం గిజిగాడి కాలం. నీటి మీదికి వంగిన ఈతచెట్టుకో తాడిచెట్టుకో గూళ్ళు వేలాడుతుంటే కింద కూర్చోండి. తల మీద పసుపు రంగు వచ్చిన మగపిట్ట ఆకు అంచుని ముక్కుతో కరిచి పట్టి, ఎగురుతూ చీల్చుకుపోతుంది. ఆ పోచలతోనే అల్లుతుంది. గూడు సగమయ్యాక ఆపి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టని పిలుస్తుంది. ఆమె వచ్చి లోపలికి దూరి చూస్తుంది. నచ్చితే సంసారం, లేకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతూ ఉండిపోతుంది. గూడు లోపలి గోడకి మగపిట్ట తడిమట్టి కూడా పూస్తుంది. దీన్ని తీసుకెళ్ళి ‘మనమూ ఇలాగే కష్టపడాలి’ అని నీతివాక్యం చేశారంటే ఊరుకోను. పిట్టను పిట్టలా చూడండి. అది పోచను ఏ వైపు నుంచి దూర్చి ఏ వైపు నుంచి లాగుతోందో చెప్పగలిగినవాడే నా లెక్కలో రచయిత.

ఆరుద్ర కార్తె వస్తే మంచి వాన మర్నాడు ఇసుక నేలల్లో ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు తిరుగుతాయి. కాళ్ళు ఆరా ఎనిమిదా లెక్కపెట్టి నాకు రాయండి. సిటీలో ఉన్నవాళ్ళు ‘మాకు గోదారి లేదు’ అని తప్పించుకోకండి. గోడ మీద నాచు ఉంది, వాన ముందు గుడ్లు మోసుకుపోయే చీమలున్నాయి.

జులైలో ఎగువన వానలు ముదిరితే గోదావరి ఎర్రబడుతుంది. వరద పెరిగితే ఇంట్లో పెద్దవాళ్ళంతా ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం అంకెలు చెప్పుకుంటారు. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు ఇప్పటికీ గోడ మీద చెయ్యి పెట్టి ‘ఇక్కడిదాకా’ అని చూపిస్తారు. అంత వరద మనకొద్దు, మామూలు ఎర్రనీరు చాలు. ఆ నీళ్ళు ఒక గాజు గ్లాసుతో తెప్పించుకుని కిటికీలో పెట్టండి. పొద్దున్నకి పైన నీరు తేరుకుని, అడుగున మెత్తటి ఒండ్రు పేరుకుంటుంది. వేలితో తీసి రుద్ది చూడండి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు వచ్చిన నది, దారిలో ఉపనదులన్నీ తెచ్చిన మట్టి, అంతా కలిసి ఆ గ్లాసు అడుగున ఒక పూత. కోనసీమంతా ఇలా పేరుకున్నదే. ఆ పూత మీదే కొబ్బరి వేశాం, వరి వేశాం, ఇళ్ళు కట్టాం, పెళ్ళిళ్ళు చేశాం. ఎన్ని వరదలు పట్టిందో ఇంత నేల కావడానికి? నేను దీన్ని వివరించబోయి రెండుసార్లు కాగితం చింపేశాను. మీరే ఆ గ్లాసు ముందు కాసేపు కూర్చోండి.

ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళండి. ఫొటో తీసేశామంటే చూడటం అయిపోయిందనిపిస్తుంది, అదీ దాంతో వచ్చే చిక్కు.

చూసింది నాలుగు వాక్యాలు రాసి పంపితే చాలు, అక్షర దోషాలు నేను చూసుకుంటాను. కాలువ నిండుగా పారుతోంది, గట్టు జారుడుగా ఉంది. పెద్దవాళ్ళు తోడు లేకుండా రేవు మెట్లు దిగకండి. గ్లాసుతో నీళ్ళు ముంచేది కూడా వాళ్ళే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య