చెరువు ఎన్నాళ్లొస్తుంది?

చిన్నోడికి, బుజ్జమ్మకి తాతయ్య ఆశీస్సులు.

చేతిలో పట్టుకుని ఆటలాడుకునే తన మిషను, స్టీమ్ డెక్ గురించి మొన్న ఫోన్లో చిన్నోడు అడిగాడు: "తాతయ్యా, నా స్టీమ్ డెక్ బ్యాటరీ 8 గంటలొస్తుందన్నారు. రెండు గంటలకే పడుకుంటోంది. మోసమా?" ఒరేయ్, 2022లో అది వచ్చినప్పుడు తయారుచేసినవాళ్లు చెప్పింది "2 నుంచి 8" అని. నువ్వు 8 పట్టుకుని 2 వదిలేశావు!

ఇక్కడ వేసవికి కాలవలకి నీళ్లు ఆపేశారు. ధవళేశ్వరం నీళ్లు ఆగకముందే మంచినీళ్ల చెరువు నింపుకున్నాం, మళ్లీ వదిలేదాకా అదే దిక్కు. ఎన్నాళ్లొస్తుందంటే ఏం చెప్తాం? బిందెలతో ముంచుకుంటే ఒక లెక్క. గట్టు మీద ఎవడో ఆయిలింజను పెట్టి కొబ్బరితోటకి తోడాడా, ఇంకో లెక్క. చెరువు మాత్రం అదే.

నీ బ్యాటరీ ఆ చెరువు. చిన్నచిన్న బొమ్మల ఆట బిందె. తెర వెలుగు నిండా పెట్టి, కార్లు దూసుకుపోయే ఆట ఆడితే ఇంజను. వెనక చెయ్యి పెట్టి చూడు, వేడెక్కి ఫ్యాను బుస్సుమంటుంటే ఇంజను నడుస్తున్నట్టే. ఆట ఆపి పడుకోబెట్టినా తెల్లారేసరికి కాస్త తగ్గుతుంది, ఎండకి చెరువు ఇంకినట్టు. మరి చేపలేమిటని బుజ్జమ్మ అడుగుతుంది. చేపల సంగతి నాకింకా తట్టలేదు.

నీ డెక్ లాంటి పాత ఆటల మిషన్లు చూడు: 1989లో గేమ్‌బాయ్ వచ్చింది. తెరకి రంగుల్లేవు, వెనక దీపం లేదు. నాలుగు పెన్సిల్ సెల్లులతో పదిహేను గంటల దాకా ఆడేది. మరుసటేడు గేమ్‌గేర్ రంగులతో, దీపంతో వచ్చి, ఆరు సెల్లులు వేసినా అయిదు గంటలు దాటేది కాదు. దీపమే తాగేసింది. అలాంటిదే నింటెండో స్విచ్, దాని సంగతి ఇంకా బాగుంటుంది. 2017లో రెండున్నర నుంచి ఆరున్నర గంటలన్నారు, 2019లో నాలుగున్నర నుంచి తొమ్మిదన్నారు. బ్యాటరీ అంతే, లోపలి చిప్పు పొదుపుది పెట్టారు. చెరువు తవ్వలేదు, తూము బాగుచేశారు.

మా నాన్నకి సెల్లుల రేడియో ఉండేది. వార్తలవగానే టక్కున కట్టేసేవారు. సెల్లులు నీరసపడితే నేను అరుగు మీద ఎండలో పెట్టేవాణ్ణి, మళ్లీ కాసేపు పలికేది. ఓసారి వాటినే తిప్పితిప్పి వేస్తే కారిపోయి లోపలి స్ప్రింగు తినేశాయి. నా వీపు విమానం మోత మోగింది.

నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. మీ లిథియం బ్యాటరీకి ఎండ గిట్టదు. రోహిణి కార్తె ఎండలో కార్లో వదిలేస్తే లోపల పూడిక పేరుకున్నట్టే, ఆ తర్వాత నూరు శాతం చూపించినా పట్టే నీళ్లు తక్కువ. చెరువు పూడికైతే వేసవిలో తీయించుకుంటాం. బ్యాటరీకి ఆ వీల్లేదు, కొత్తది వేయించాల్సిందే.

నాకు వింతగా ఉండేది ఒకటే. చెరువు తగ్గితే మెట్లు తేలతాయి. ఈ బ్యాటరీ నిండుగా ఉన్నా ఖాళీ అయినా మన తక్కెడకి తేడా తెలీదు. మరి లోపల అటూ ఇటూ నడుస్తున్నదేమిటి? మీ సైన్సు మాస్టారిని అడిగి నాకూ చెప్పండి.

ఈలోగా చిన్నోడా, తెర వెలుగు సగం చెయ్యి, సెకనుకి 60 బొమ్మల చోట 30 పెట్టు, ఎన్ని గంటలొచ్చిందో గడియారం చూసి రాసి పంపు. నేను రోజూ రేవులో తేలిన మెట్లు లెక్కపెడుతున్నాను. ఇవాళ్టికి ఏడు.

మీ తాతయ్య