బాబాయి స్కాన్, మన మడి గట్టు

చిన్నీ, బాబూ,

బాబాయికి వాచింది క్లోమం (పాంక్రియాస్) అయితే, బరంపురంలో డాక్టరు గారు సీటీ స్కాన్ చూసి ప్లీహం (స్ప్లీన్) గురించి ఎందుకు అడిగారని రాశారు. ఇది తెలుసుకోవలసిన సంగతే.

ఆ రెండూ పక్కపక్క మళ్లు. పొట్ట వెనకాల అడ్డంగా ఉండే క్లోమం తోక, ఎడమవైపు ప్లీహం దాకా వెళ్తుంది. ఇక్కడ పర్లాకిమిడిలో మనకీ పక్క రైతుకీ ఒకటే గట్టు కదా, అలాగ. క్లోమం వాస్తే, అన్నం అరిగించే దాని రసం బయటికి పొంగి గట్టును తినేస్తుంది. ఒక్కోసారి ప్లీహంలోకే చొరబడి తిత్తిలా నిలుస్తుంది. పైగా ప్లీహం నుంచి రక్తం బయటికి తెచ్చే సిర, క్లోమం వీపును ఆనుకునే పోతుంది. ఆ వాపుకి సిరలో రక్తం గడ్డకట్టిందనుకోండి, నీరు పోయే కాలువ పూడినట్టే. ఆగిన నీరు చిన్న చిన్న బోదెల్లో దారి వెతుక్కుంటుంది. ఒంట్లో ఆ బోదెలు జీర్ణాశయం గోడలోని సిరలు. అవి ఉబ్బి, చిట్లితే రక్తం పోతుంది. అదే నీరు తెచ్చే కాలువ, అంటే ప్లీహానికి రక్తం తెచ్చే ధమని, మూసుకుంటే, మడిలో ఒక చెక్క ఎండిపోతుంది.

మా చిన్నప్పుడు ఈ కొండల పక్క మలేరియా ఎక్కువ. మలేరియా వాళ్లు బడికి వచ్చి, మమ్మల్ని వరసగా పడుకోబెట్టి, ఎడమ పక్కటెముకల కింద వేళ్లతో నొక్కేవారు. జ్వరాలకు పెరిగిన ప్లీహాన్ని బల్ల అనేవాళ్లం. నాకు బల్ల తగిలిందని చెబితే అమ్మ రాత్రంతా నా పొట్ట మీద చెయ్యి వేసుకునే పడుకుంది. అప్పట్లో వేళ్లకు తగిలినంతే తెలిసేది.

ఇప్పుడు చేతి నరంలోకి అయోడిన్ ఉన్న మందు ఎక్కించి, సుమారు 70 సెకన్లు ఆగి బొమ్మలు తీస్తారు. మందు పారిన చోటు తెల్లగా, పారని చోటు నల్లగా కనిపిస్తుంది. ఎండిన చెక్క చాలాసార్లు మూడు మూలల ముక్కలా ఉంటుంది. మందు ఎక్కించిన వెంటనే తీస్తే మంచి ప్లీహం కూడా చారలు చారలుగా కనిపిస్తుంది, నీరు ఇంకా మడంతా పరుచుకోనట్టు! కత్తి పెట్టకుండా ఇంత చూడగలగడం నాకిప్పటికీ అబ్బురమే.

బాబాయి పైకడుపు నొప్పిని గ్యాస్ అనుకుని రెండు రోజులు సోడా తాగాడు. మీరు ఏ నొప్పీ అలా దాచకండి, అమ్మకు చెప్పండి.

దసరాకి వచ్చినప్పుడు నాతో గెడ్డ దగ్గరి మడికి రండి. కాలువ మొదట్లో చెంబెడు పసుపు నీళ్లు పోద్దాం. ముందు ఎక్కడ పచ్చబడుతుందో, ఎక్కడ అసలు పచ్చబడదో మీరే చూసి చెప్పాలి.

మీ తాతయ్య