జీపీఏ ఇచ్చింది అధికారం, ఆస్తి కాదు: అపోహలు - వాస్తవాలు

అపోహ: "సర్వాధికారాలు అని రాసిచ్చారండీ, అంటే స్థలం నాదే కదా?"

కాదండీ. జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఓనరు తన తరఫున పనులు చేయమని ఇంకొకరికి రాసిచ్చే కాగితం. ఇరవై ఏళ్లుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాస్తున్నాను, వారానికి ఒక్కరైనా ఈ మాటతోనే వస్తారు. పోయిన నెల ఒకావిడ ప్లాస్టిక్ కవర్లోంచి 2006 నాటి జీపీఏ తీసి నా బల్ల మీద పరిచారు. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి ఉంది. "సర్వాధికారములు ఇచ్చితిని" అన్న చోట వాళ్లాయన ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసుకున్నారు. ఆయన ఇప్పుడు లేరు, రాసిచ్చిన ఓనరూ పోయాడు. ఇల్లు కట్టుకుందామని లోనుకు వెళ్తే బ్యాంకు లాయరు ఇది మీ స్థలమే కాదన్నాడట. ఆవిడ చేతులు వణుకుతున్నాయి, ముందు మంచినీళ్లు ఇచ్చాను.

అసలు చిక్కంతా ఆ ఒక్క మాటలో ఉంది. అధికారం అనగానే మనకు కుర్చీ, పెత్తందారీ, ఇక అడిగేవాడు లేడన్న ధీమా గుర్తొస్తాయి. సంస్కృతంలో 'అధి' అంటే పైన, 'కారం' చేయడం అనే ధాతువు నుంచి వచ్చింది. ఒక పనిని పైనుండి చూసుకోవడం, ఆ పనికి అర్హుడు కావడం, ఇదీ దాని పాత అర్థం. గీతలో "కర్మణ్యేవాధికారస్తే" అన్నది అందుకే, పని వరకే నీ అధికారం, ఫలం మీద కాదు. జీపీఏ కూడా సరిగ్గా అంతే! పని మీది, ఫలం ఓనరుది. పాతవాళ్లు దీన్ని ముక్తారునామా అనేవారు, ముక్తార్ అంటే అరబ్బీలో ఎంచుకున్న మనిషి. మన తెలుగులో పెత్తనం, అంటే పెద్దతనం. అన్న ఊరెళ్తూ తమ్ముడికి పెత్తనం అప్పగిస్తే పొలం తమ్ముడిదైపోతుందా? హక్కు అనేది వేరే మాట, వేరే కాగితం.

సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో ఇదే తేల్చింది, జీపీఏతో యాజమాన్యం మారదు, రిజిస్టరైన సేల్ డీడ్ (అమ్మకం దస్తావేజు) కావాల్సిందే. పైగా 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇచ్చినవారు పోయినా పుచ్చుకున్నవారు పోయినా మామూలు జీపీఏ అక్కడితో ఆగిపోతుంది. "అందరూ ఇలాగే కొన్నారు" అని చెప్పే బ్రోకర్ల మాట దయచేసి వినకండి. ఓనరు బతికుంటే ఈ వారమే వెళ్లి సేల్ డీడ్ చేయించుకోండి.

అపోహ: రద్దు చేయరాని జీపీఏ అని రాస్తే రద్దవదు. ఆ మాట రాసినంత మాత్రాన కాదు, ఆస్తిలో జీపీఏ పుచ్చుకున్నవారికి నిజంగా సొంత ప్రయోజనం ఉండాలి.

అపోహ: నోటరీ చాలు. స్థలం అమ్మకానికైతే రిజిస్టర్ చేయించండి, అంతే.

అపోహ: అమెరికాలో సంతకం పెడితే ఇక్కడ నేరుగా చెల్లుతుంది. అక్కడి నోటరీ ముందో మన కాన్సులేట్‌లోనో సంతకం పెట్టాలి, కాగితం ఇండియాకు చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి.

ఆవిడ సంగతికొస్తే, ఓనరు కొడుకులు ముగ్గురినీ ఫోన్లో పట్టుకున్నాం. నాన్న అమ్మిన మాట నిజమేనని ఇద్దరు సేల్ డీడ్‌లో సంతకానికి ఒప్పుకున్నారు. మూడో అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, అన్న పేరు మీద జీపీఏ పంపిస్తానన్నాడు. అందులో ఏమేం రాయాలో నిన్న రాత్రే రాసి పంపాను, ఈ స్థలం సర్వే నంబరు, ఈ ఒక్క సంతకం, అంతవరకే.