బ్యాక్‌డోర్ మాల్వేర్: ఫైలు పోయినంత మాత్రాన ముప్పు పోదు

చిన్న కార్యాలయాల్లోనూ దుకాణాల్లోనూ కంప్యూటర్లను చక్కదిద్దే పనిలో ఉన్న నాకు పదే పదే వినిపించే మాట ఒకటుంది: "యాంటీవైరస్ పట్టుకుని తీసేసిందండీ, ఇప్పుడు అంతా బాగానే ఉంది, మీరు ఊరికే ఒకసారి చూసి వెళ్తే చాలు." అలా చెప్పేవారి ఊరటను చెడగొట్టడం నాకు ఇష్టముండదు. అయినా బ్యాక్‌డోర్ విషయంలో జనానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం తెస్తున్నది ఈ నమ్మకమే కనుక ముందుగా దీని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: యాంటీవైరస్ ఆ ఫైలును తొలగిస్తే బ్యాక్‌డోర్ పీడ విరగడైనట్లే.

వాస్తవం: అవతల కూర్చున్న మనిషి తనకు వీలైనప్పుడల్లా మన కంప్యూటరులోకి వచ్చి ఆదేశాలు ఇవ్వడానికి ఏర్పాటు చేసుకున్న దారినే బ్యాక్‌డోర్ అంటాము. అది పట్టుబడటానికి ముందు ఎన్నాళ్లుగా తెరిచి ఉందో, ఆ కాలంలో లోపల ఏమేమి జరిగిందో స్కాన్ నివేదికలో ఉండదు. లోపలికి వచ్చినవాడు సాధారణంగా ముందు చేసుకునేది రెండో దారి. షెడ్యూల్డ్ టాస్కులోనో, విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలోని రన్ కీలోనో, కొత్త సర్వీసు రూపంలోనో, దానంతటదే మొదలయ్యేలా తన ప్రోగ్రామును నాటుతాడు, లేదా మనకు తెలియని అడ్మిన్ ఖాతా ఒకటి తెరుస్తాడు. కొందరు మామూలుగా అందరూ వాడుకునే రిమోట్ సపోర్ట్ ప్రోగ్రామునే తమ పాస్‌వర్డుతో పెట్టి వెళ్తారు. అది సక్రమమైన సాఫ్ట్‌వేరే కనుక చాలాసార్లు యాంటీవైరస్ దాని జోలికి పోదు.

దీనికి మించిన నష్టం బ్రౌజరులో జరుగుతుంది. క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, లాగిన్ అయి ఉన్న సైట్ల కుకీలు (మనం లాగిన్ అయ్యామని సైటు గుర్తుపట్టే చిన్న చీటీలు) కొద్ది నిమిషాల్లో అవతలికి చేరిపోతాయి. చెల్లుబాటులో ఉన్న కుకీ చేతిలో ఉన్నవాడిని చాలా సైట్లు పాస్‌వర్డు గాని ఓటీపీ గాని అడగవు. ఆ తరువాత మనం ఎన్ని ఫైళ్లు తొలగించినా, అతడు తన కంప్యూటరులో కూర్చుని మన మెయిలు చదువుకుంటూనే ఉంటాడు.

ఒక ఆడిటర్ కార్యాలయంలో చూసినది చెబుతాను. అక్కడి జూనియర్ ఒకరు పీడీఎఫ్ ఎడిటర్ కోసం క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకోవడానికి లైసెన్సును దాటవేసే దొంగ ప్రోగ్రాము) దించుకుని, ఆ పేజీలో రాసిన ప్రకారం విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ అయిన డిఫెండర్‌ను ఆపి, సెటప్ నడిపారు. కొన్నాళ్లకు యాంటీవైరస్ ఒక ఫైలును పట్టుకుంది, తరువాతి స్కాన్లన్నీ శుభ్రంగా వచ్చాయి. నేను వెళ్లి డిఫెండర్ ఎక్స్‌క్లూజన్ల జాబితా తెరిచి చూస్తే అందులో సీ డ్రైవ్ మొత్తం ఉంది. వెతకవద్దని చెప్పిన చోట అది వెతకనే లేదు. టాస్క్ షెడ్యూలరులో బ్రౌజర్ అప్‌డేట్‌ను పోలిన పేరుతో ఉన్న టాస్కు ఒకటి, లాగిన్ అయిన ప్రతిసారీ యాప్‌డేటా ఫోల్డరులోని స్క్రిప్టును నడిపిస్తోంది. ఆఫీసు మెయిలులోనేమో, "పేమెంట్" అనే మాట ఉన్న ఉత్తరాలన్నిటినీ ఎవరూ తెరవని ఆర్ఎస్ఎస్ ఫీడ్స్ ఫోల్డరులోకి నెట్టే రూల్ పెట్టి ఉంది. ఆడిటర్ గారి క్లయింటుకు ఆయన ఐడీ నుంచే, మార్చిన బ్యాంకు ఖాతా నంబరుతో మెయిలు వెళ్లింది. క్లయింటు పెద్దమనిషి డబ్బు పంపే ముందు ఫోను చేసి అడిగారు కనుక సరిపోయింది. ఆ మెయిల్ రూల్ కంప్యూటరులో కాక సర్వర్లో ఉంటుంది కాబట్టి విండోస్‌ను మళ్లీ వేసినా అది అక్కడే ఉండేది.

కనుక తొలగింపులో వరుస ముఖ్యం. మొదట నెట్ కేబుల్ తీసి వైఫై ఆపాలి. ఆ కంప్యూటరులో ఇక ఏ ఖాతాలోకీ లాగిన్ కాకూడదు. భయంతో వెంటనే అదే కంప్యూటరు మీద పాస్‌వర్డులు మార్చేవారిని చాలామందిని చూశాను, అలా చేస్తే కొత్త పాస్‌వర్డు కూడా అవతలివాడికే చేరుతుంది. శుభ్రమైన మరో కంప్యూటరు నుంచి గాని ఫోను నుంచి గాని ముందు మెయిల్ పాస్‌వర్డు మార్చాలి, ఎందుకంటే మిగిలిన ఖాతాలన్నిటి రీసెట్ లింకులు వచ్చేది అక్కడికే. అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేసి, ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, రికవరీ ఫోను నంబరు మనవేనా అని చూసుకుని, ఆ తరువాత బ్యాంకు ఖాతాల పని చూడాలి. డబ్బు పోయి ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి. కంపెనీ అయితే 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇటువంటి ఘటన తెలిసిన 6 గంటల్లోగా వారికి తెలియజేయాలి; పోలీసు ఫిర్యాదు ఇవ్వదలచినవారు డిస్కును తుడిచివేసే ముందు దాని పూర్తి నకలు తీసి ఉంచాలి.

ఇక కంప్యూటరు సంగతి. బ్యాక్‌డోర్ ఉన్నదని రుజువైన కంప్యూటరును ఏరి శుభ్రం చేయడం కంటే, వేరే కంప్యూటరులో తయారుచేసిన యూఎస్‌బీతో డిస్కులోని పార్టిషన్లన్నీ (సీ, డీ వంటి భాగాలు) తొలగించి విండోస్‌ను కొత్తగా వేయడం మేలని నా అభిప్రాయం. సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేయించుకుని వారం తిరక్కుండా మళ్లీ వచ్చేవారి డీ డ్రైవ్‌లో తరచుగా "సాఫ్ట్‌వేర్స్" అనే ఫోల్డరు, అందులో అదే పాత క్రాక్ కనిపిస్తాయి. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు నడిపేవారు ఆ ఫోల్డరును ఆస్తిలా కాపాడుకుంటూ వస్తారు. వారి ఇబ్బంది నాకు అర్థమవుతుంది గాని, దానిని వదిలిపెట్టక తప్పదు. వెనక్కి తెచ్చుకోవలసినవి ఫోటోలు, డాక్యుమెంట్లు, లెక్కల డేటా మాత్రమే. అవి కూడా స్కాన్ అయ్యాకనే. సెటప్ ఫైళ్లను ఒక్కటి కూడా తేకూడదు.

అపోహ: తెలియని లింకులు నొక్కకపోతే బ్యాక్‌డోర్ రాదు.

వాస్తవం: నేను చూసినవాటిలో ఎక్కువ భాగం క్రాకుల ద్వారా, లైసెన్సు కొనకుండా విండోస్‌ను నడిపించే యాక్టివేటర్ల ద్వారా వచ్చినవే. తరువాతి స్థానం జిప్‌లో వచ్చే ఇన్‌వాయిస్‌లది. ఫైలు రకాన్ని తెలిపే పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ను విండోస్ దాచిపెడుతుంది కనుక చివర ఈఎక్స్‌ఈ ఉన్న ఫైలు, అంటే ప్రోగ్రాము, చూడటానికి పీడీఎఫ్‌లాగే ఉంటుంది. అయితే ఏ తప్పూ చేయనివారికి కూడా వచ్చిన సందర్భాలు ఉన్నాయి. 2017లో కంప్యూటరులోని చెత్త ఫైళ్లను తీసే సీక్లీనర్ అనే ప్రోగ్రాము 5.33 వెర్షను, అసలు కంపెనీ డిజిటల్ సంతకంతోనే, బ్యాక్‌డోరును లోపల పెట్టుకుని 20 లక్షలకు పైగా కంప్యూటర్లకు చేరింది. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో పాలనా పనులకు వాడే, ఇంటర్నెట్‌తో కలిసిన ఒక కంప్యూటరులో మాల్వేర్ ఉన్న మాట నిజమేనని ఆ కేంద్రాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ ఒప్పుకుంది; కీలకమైన అంతర్గత నెట్‌వర్కు దానితో సంబంధం లేకుండా విడిగా ఉండటం వల్ల ముప్పు అక్కడితో ఆగింది.

అపోహ: విండోస్‌కు బదులు లినక్స్ వాడేవారికి ఈ బెడద లేదు.

వాస్తవం: 2024 మార్చిలో, లినక్స్‌లో ఫైళ్లను కుదించడానికి వాడే ఎక్స్‌జెడ్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ బయటపడింది. దూరం నుంచి సర్వర్లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయకపోతే అది ఎన్నో సర్వర్లలోకి చేరేది.

అపోహ: కంప్యూటరు నెమ్మదిస్తే బ్యాక్‌డోర్ ఉన్నట్లు.

వాస్తవం: నెమ్మదికి సాధారణ కారణాలు పాత హార్డ్ డిస్కు, చాలని ర్యామ్. చక్కగా రాసిన బ్యాక్‌డోర్ తన ఉనికిని తెలియనివ్వదు.

అపోహ: టాస్క్ మేనేజరులో ఎస్‌వీసీహోస్ట్ (విండోస్ తన సర్వీసులను నడిపించే ప్రోగ్రాము) పదుల సంఖ్యలో ఉంటే ప్రమాదం.

వాస్తవం: ఇదంతా వాట్సాప్ ప్రచారం. 3.5 జీబీకి మించి ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో 2017 నుంచి విండోస్ 10 సర్వీసులను విడివిడిగా నడుపుతోంది కనుక అన్ని కనిపించడం సహజం. ఆ ఫైలు విండోస్ సొంత సిస్టమ్ ఫోల్డర్లలో (సిస్టమ్32 వంటివి) కాక మరోచోట ఉంటే అనుమానించాలి. ఇటువంటి సందేశాలను నమ్మి సిస్టమ్ ఫైళ్లను చేతులారా తొలగించుకుని వచ్చేవారిని చూస్తే, వాటిని సరిచూడకుండా పంపేవారి మీద నాకు కోపం వస్తుంది.

చివరిగా, భయపడుతున్నవారి కోసం ఒకటి. "నీ కంప్యూటరులో బ్యాక్‌డోర్ పెట్టాను, కెమెరాలో నిన్ను రికార్డు చేశాను, బిట్‌కాయిన్ పంపు" అని మీ చిరునామా నుంచే వచ్చినట్లు కనిపించే మెయిలు, అందులో మీ పాత పాస్‌వర్డు. దీనిని పట్టుకుని, ఇంట్లో చెప్పుకోలేక వణుకుతూ వచ్చే కుర్రవాళ్లు ఉన్నారు. పంపినవారి చిరునామాను ఎవరైనా దొంగగా వేసుకోవచ్చు. ఆ పాస్‌వర్డు ఎప్పుడో ఏదో సైటు నుంచి లీకైన జాబితాలోనిది. ఒకే ఉత్తరం లక్షల మందికి వెళ్తుంది. జవాబు ఇవ్వకండి, డబ్బు పంపకండి. ఆ పాస్‌వర్డు ఇంకా ఎక్కడైనా వాడుతుంటే మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. నిజంగా మీ వీడియో గాని ఫోటో గాని జతచేసి పంపితే మాత్రం, ఆ మెయిలును చెరిపివేయకుండా ఉంచి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గాని దగ్గరలోని పోలీసు స్టేషనులో గాని ఫిర్యాదు చేయండి.