టోపీ కొనేముందు దాని నీడ చూడండి

ఏటా మే 10 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 2 ప్రాంతంలో ఇంకోసారి, విశాఖపట్నంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ మధ్యాహ్నం కాసేపు, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. మన ఊరు సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఇలా జరుగుతుంది. ఆగస్టులో వచ్చేదాన్ని చాలాసార్లు మబ్బులు మింగేస్తాయి. మేలో వచ్చేది మాత్రం మంచి ఎండల్లో, సింహాచలం చందనోత్సవం జరిగే రోజులకు అటూ ఇటూగా పడుతుంది. క్యూలో గంటలకొద్దీ నిలబడే జనం కండువానో, కొంగునో, చివరికి చేతిలోని పేపరునో నెత్తిన పెట్టుకుంటారు. నీడ కావాలని ఒంటికి తెలుసు. ఎంత నీడ కావాలి, ఎలాంటి నీడ కావాలి అన్నది మాత్రం మనం పెద్దగా ఆలోచించం. టోపీ కొనేటప్పుడు అసలే ఆలోచించం. రంగు బాగుందా, ఫొటోలో బాగుంటామా అని చూసి కొనేస్తాం.

ఎండను మనం వేడితో కొలుస్తాం. చిక్కంతా అక్కడే వస్తోంది. చర్మాన్ని కమిలించేవీ నల్లబరిచేవీ ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ. అవి కంటికి కనపడవు, ఒంటికి వేడిగానూ తగలవు. మనకు చురుక్కుమనిపించేది వెలుగూ, పరారుణ కిరణాలూ. అందుకే ఆర్కే బీచ్‌లో పదకొండు గంటలకు సముద్రపు గాలి మొదలవగానే "ఎండేమీ తెలియడం లేదు" అంటూ కూర్చుండిపోతాం. గాలి వేడిని తీసుకెళ్తుంది కానీ యూవీని ఒక్క పిసరు కూడా తగ్గించదు. రాత్రి ముఖం కడుక్కుంటుంటే ముక్కు మీద, చెవుల అంచుల మీద మంట పుడుతుంది. అరకు వెళ్ళినప్పుడు ఇదే ఇంకాస్త గట్టిగా జరుగుతుంది. లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. ప్రతి వెయ్యి మీటర్లకు యూవీ సుమారు పది శాతం పెరుగుతుంది. చల్లగా ఉంది కదా అని టోపీ బ్యాగులోనే ఉంచేస్తాం, కానీ అక్కడి ఎండ విశాఖ ఎండకన్నా ఒక పాలు ఎక్కువే. పల్చటి మబ్బు పట్టినా యూవీలో చాలా భాగం దాటుకుని వచ్చేస్తుంది.

ఎండ ఎప్పుడు ప్రమాదకరమో తెలుసుకోవడానికి ఫోన్‌లో యూవీ ఇండెక్స్ చూడొచ్చు. 3కు చేరితే జాగ్రత్త పడాలని, 8కి చేరితే చాలా ఎక్కువని, 11కి చేరితే తీవ్రమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మన దగ్గర 11 దాటడం మామూలే. ఫోన్ లేకపోయినా మన నీడే చెబుతుంది. నీడ మనకన్నా పొట్టిగా ఉందంటే సూర్యుడు 45 డిగ్రీల పైకి ఎక్కాడని అర్థం, యూవీ బలంగా ఉందని అర్థం. మే నెలలో విశాఖలో దాదాపు ఉదయం 8.45 నుంచి మధ్యాహ్నం 3 దాకా ఇదే పరిస్థితి. డిసెంబరు చివర్లో అయితే 10.40 నుంచి 1.10 దాకా, రెండున్నర గంటలే. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు కిరణాలు గాలిలోనూ ఓజోన్ పొరలోనూ ఏటవాలుగా ఎక్కువ దూరం ప్రయాణించాలి. ఆ దారిలో యూవీబీ, అంటే యూవీలో చర్మాన్ని ఎక్కువగా కమిలించే రకం, చాలావరకు ఆగిపోతుంది. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాకింగ్ చేసి ఏడింటికల్లా ఇంటికి చేరేవాళ్ళకు టోపీ గురించి టెన్షన్ అక్కర్లేదు. అదే తొమ్మిదింటికి స్కూటీ ఎక్కి ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు, ఎండాకాలంలో, కావాలి.

ఇక అసలు సంగతి, టోపీ అంచు. ఇంటికి చూరు ఎలాగో తలకు అంచు అలాగ. చూరు పొట్టిగా ఉంటే గోడ తడుస్తుంది. లెక్క చాలా సులువు. సూర్యుడు ఎదురుగా 45 డిగ్రీల ఎత్తున ఉన్నాడనుకోండి, 7.5 సెంటీమీటర్ల అంచు తన కింద అంతే దూరం నీడ ఇస్తుంది. అంటే నుదుటి నుంచి కళ్ళ దాకా. సూర్యుడు 60 డిగ్రీలకు ఎక్కితే ఆ నీడ 13 సెంటీమీటర్లకు చేరి ముక్కును కప్పుతుంది. ఇంకా పైకి వెళ్తే ముఖమంతా నీడలోకి వస్తుంది. ఎండ ముదిరేకొద్దీ అంచు బాగా పనిచేస్తుందన్నమాట. ఆస్ట్రేలియాలో క్యాన్సర్ నివారణ సంస్థలు పెద్దవాళ్ళకు కనీసం 7.5 సెంటీమీటర్ల అంచు ఉండాలని చెబుతాయి. మన చేతి నాలుగు వేళ్ళు కలిపి పెడితే దాదాపు ఆ వెడల్పు వస్తుంది. షాపులో టేపు లేకపోయినా అలా కొలుచుకోవచ్చు.

అయితే ఎండ సూర్యుడి వైపు నుంచి మాత్రమే రాదు. ఆకాశం నీలంగా ఎందుకు ఉంటుందో మనం చదువుకున్నాం. గాలిలోని అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా చెదరగొడతాయి. యూవీ తరంగాలు నీలం కన్నా పొట్టివి, అవి ఇంకా ఎక్కువ చెదురుతాయి. నిర్మలమైన రోజున మనకు తగిలే యూవీలో దాదాపు సగం ఆకాశం నలుమూలల నుంచీ వస్తుంది. దానికి తోడు పొడి ఇసుక 15 శాతం దాకా, అలల నురగ 25 శాతం దాకా తిప్పికొడతాయి. రుషికొండ ఇసుక మీద గొడుగు కింద కూర్చున్నా ముఖం కమలడానికి కారణం ఇదే. 1992లో బ్రిటన్ శాస్త్రవేత్త బ్రయన్ డిఫీ తన సహచర పరిశోధకుడితో కలిసి రకరకాల టోపీలను కొలిచి చూశారు. అంచు 7.5 సెంటీమీటర్లు దాటిన టోపీ ముక్కుకు తగిలే ఎండను ఏడో వంతుకు, మెడకు తగిలేదాన్ని అయిదో వంతుకు, చెంపలకు మూడో వంతుకు తగ్గించింది. గడ్డానికి మాత్రం సగమే తగ్గింది. అంచు 2.5 సెంటీమీటర్ల లోపు ఉన్నవి ముక్కుకు కాస్త సాయం చేశాయి తప్ప మెడకూ గడ్డానికీ పెద్దగా ఉపయోగపడలేదు. ఎంత మంచి టోపీ పెట్టినా కింది సగం ముఖానికి సన్‌స్క్రీన్ రాసుకోవాలని చర్మవైద్యులు చెప్పేది ఇందుకే.

ఈ లెక్కన చూస్తే మన ఊళ్ళో అందరి తల మీదా కనిపించే క్రికెట్ క్యాప్ సగం టోపీయే. ముందు అంచు నుదుటినీ కళ్ళనూ కాపాడుతుంది. చెవులు, కణతలు, మెడ వెనుక భాగం పూర్తిగా ఎండకే. పైగా బండి మీదో నడుస్తూనో వెళ్తున్నప్పుడు సూర్యుడు ఎప్పుడూ ఎదురుగానే ఉండడు కదా. మధురవాడ స్టేడియంలో పగటి మ్యాచ్ చూడ్డానికి వెళ్తే గమనించండి. గ్యాలరీలో ఉన్నవాళ్ళందరికీ క్యాపులే. మైదానంలో రోజంతా నిలబడే అంపైర్లు మాత్రం చుట్టూ వెడల్పు అంచున్న తెల్ల టోపీ పెట్టుకుంటారు. ఎండతో నిజంగా పని ఉన్నవాళ్ళ ఎంపిక అది. నా మటుకు నాకు క్యాప్ మానేయమని చెప్పాలని లేదు, కుర్రాళ్ళు వినరు కూడా. క్యాప్ పెట్టుకుంటే మెడకు కాలరున్న చొక్కా వేసుకోండి, చెవులకు సన్‌స్క్రీన్ రాసుకోండి. లేదా వెనక మెడ మీదికి గుడ్డ వేలాడే రకం కొనుక్కోండి.

తర్వాత గుడ్డ సంగతి. బీచ్‌లో తోపుడుబండి మీద అమ్మే గడ్డి టోపీ ఒకటి చేతిలోకి తీసుకుని ఆకాశం వైపు ఎత్తి లోపలి నుంచి చూడండి. అల్లిక వదులుగా ఉంటే వందల చుక్కలుగా వెలుగు కనిపిస్తుంది. తల మీద పెట్టుకున్నాక ఆ చుక్కలే చెంపల మీద పడతాయి. అంచు ఎంత వెడల్పుగా ఉన్నా అది జల్లెడే. బిగుతుగా అల్లిన తాటాకు టోపీ అయితే ఆ బెంగ లేదు, పైగా తేలిక, గాలి కూడా ఆడుతుంది. గుడ్డ టోపీలకూ ఇదే పరీక్ష. కొన్నిటి లేబుల్ మీద యూపీఎఫ్ అని ఉంటుంది. యూపీఎఫ్ 50 అంటే యూవీలో యాభయ్యో వంతు, రెండు శాతం మాత్రమే దాటుతుందని. పల్చటి తెల్ల నూలు బనీను గుడ్డకు ఆ విలువ అయిదు నుంచి ఏడు మధ్య ఉంటుంది. తడిస్తే ఇంకా పడిపోతుంది, ఎందుకంటే పోగుల మధ్య నీరు నిండితే కాంతి చెదరకుండా సూటిగా లోపలికి వస్తుంది. జీన్స్ గుడ్డ దాదాపు ఏమీ రానివ్వదు. పాలియెస్టర్‌లోని రసాయన నిర్మాణమే యూవీని పీల్చుకుంటుంది. బ్లీచ్ చేయని నూలు, బ్లీచ్ చేసినదానికన్నా నయం. నూలు గుడ్డ నాలుగు ఉతుకులకు కాస్త కుంచించుకుని చిక్కబడుతుంది కాబట్టి కొత్తదానికన్నా ఉతికినదే బాగా కాపాడుతుంది.

ఇక్కడే విశాఖకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, ఉక్కపోత. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, అది ఆరితేనే చల్లబడుతుంది. లీటరు చెమట ఆరిపోతూ ఒంట్లోంచి దాదాపు 580 కిలో క్యాలరీల వేడిని తీసుకుపోతుంది. అనంతపురం పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, వెంటనే ఆరిపోతుంది. మన దగ్గర గాలిలో అప్పటికే బోలెడు తేమ. నెత్తికి అతుక్కుపోయే టోపీ పెడితే లోపలి గాలి నిమిషాల్లో తేమతో నిండిపోయి చెమట ఆరడమే ఆగిపోతుంది. పూర్తిగా ముదురు రంగు గుడ్డతో, గాలి చొరబడని టోపీ ఎంత యూపీఎఫ్ ఉన్నా పది నిమిషాల్లో తీసి చేత్తో పట్టుకుంటాం. చేతిలో ఉన్న టోపీ ఎవరినీ కాపాడదు. అందుకని నేను ముందు చూసేది టోపీ నడినెత్తి మీద వేలెడు ఖాళీ ఉందా, పక్కల గాలి రంధ్రాలున్నాయా, లోపలి పట్టీ చెమటను పీల్చి తొందరగా ఆరేదేనా అని. రంగు విషయంలో బయటివైపు లేతగా ఉంటే వేడి తక్కువ. అంచు అడుగుభాగం ముదురుగా ఉండాలి. అక్కడ తెల్లగా ఉంటే ఇసుక మీంచి లేచిన వెలుగు దానికి తగిలి మళ్ళీ కళ్ళలోనే పడుతుంది.

ఫిషింగ్ హార్బర్‌లో మగవాళ్ళు తలకు చుట్టుకునే తువ్వాలును తక్కువ చేయకూడదు. రెండు మూడు మడతలు పడటంతో పల్చటి గుడ్డ కూడా చిక్కటిదవుతుంది, చెమట పీలుస్తుంది, విప్పి తుడుచుకోవచ్చు, పిండి మళ్ళీ చుట్టుకోవచ్చు. నెత్తికి దానికన్నా మంచిది లేదు. లోటల్లా అంచు లేకపోవడమే, కళ్ళకూ ముక్కుకూ నీడ లేదు. ఏళ్ళ తరబడి కళ్ళకు యూవీ తగిలితే శుక్లాలు త్వరగా వచ్చే అవకాశం పెరుగుతుంది. నీళ్ళ మీద పనిచేసేవాళ్ళకు కింద నుంచి కూడా వెలుగు కొడుతుంది. తువ్వాలు మీద అంచున్న తాటాకు టోపీ పెట్టుకుంటే రెండింటి మేలూ కలుస్తుంది.

ఆడవాళ్ళకు టోపీ పెట్టుకోవాలంటే "నలుగురూ ఏమనుకుంటారో" అన్న మొహమాటం ఇంకా ఉంది. చీర మీద టోపీ ఏమిటి అంటారు. నాకైతే నేత చీర మీద అదే రంగు పట్టీ ఉన్న వెడల్పు టోపీ చక్కగా ఉంటుందనిపిస్తుంది. మంగు మచ్చలున్నవాళ్ళు మాత్రం మొహమాటం పక్కన పెట్టాలి. మన రంగు చర్మంలో మంగును యూవీ ఒక్కటే కాదు, మామూలు వెలుగు కూడా ముదరబెడుతుంది. రంగులేని సన్‌స్క్రీన్ ఆ వెలుగును ఆపలేదు. చిక్కటి గుడ్డ ఆపుతుంది. జుట్టున్న తల మీద కూడా పాపిట తెరిచే ఉంటుంది, అక్కడ చర్మం కమిలితే దువ్వెన తగిలినా మండుతుంది. జడ వేసుకునేవాళ్ళకు మామూలు టోపీ సరిపోతుంది. కొప్పు పెట్టుకునేవాళ్ళు వెనక చీలిక ఉన్నది చూసుకోవాలి, లేకపోతే టోపీ ముందుకు వాలిపోతుంది.

కొలత తీసుకోవడం తేలికే. చెవులకు కొద్దిగా పైన, నుదుటి మధ్య నుంచి టేపు చుట్టూ తిప్పితే పెద్దవాళ్ళకు సాధారణంగా 55 నుంచి 60 సెంటీమీటర్లు వస్తుంది. ఒక వేలు దూరేంత వదులుండాలి. వదులుంటే బీచ్ గాలికి ఎగిరిపోతుందని బిగుతుది కొంటారు, తలనొప్పి వస్తుంది. దానికన్నా గడ్డం కింద తాడున్నది మేలు. టోపీ పెడితే జుట్టు ఊడుతుందన్న భయం అక్కర్లేదు. మగవాళ్ళ బట్టతలకు ఎక్కువగా వారసత్వం, హార్మోన్లు కారణం. కాకపోతే లోపలి పట్టీ మీద తెల్లగా ఉప్పు చారలు కట్టి, కొబ్బరినూనె జిడ్డు పేరుకున్న టోపీని నెలల తరబడి ఉతక్కుండా వాడితే చుండ్రు, దురద తప్పవు. బండి నడిపేవాళ్ళకు హెల్మెట్ బదులు ఏ టోపీ పనికిరాదు. పాలీకార్బొనేట్ వైజర్ దించుకుంటే ముఖానికి యూవీ చాలావరకు ఆగుతుంది కూడా.

పిల్లల గురించి మాత్రం గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో 1981 నుంచి చొక్కా తొడుక్కో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అంటూ పెద్ద ప్రచారం నడిచింది. అక్కడ చాలా స్కూళ్ళలో టోపీ లేని పిల్లల్ని ఎండలో ఆడనివ్వరు. మన పిల్లల చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి చర్మ క్యాన్సర్ ముప్పు వాళ్ళకన్నా చాలా తక్కువ, నిజమే. కానీ కళ్ళకు మెలనిన్ రక్ష అంతగా లేదు, వడదెబ్బకు అసలు లేదు. యూనిఫాం లిస్టులో టై ఉంటుంది, బెల్టు ఉంటుంది, రెండు జతల బూట్లుంటాయి. ఆటల పీరియడ్‌కు ఒక టోపీ కూడా రాయమని స్కూలు వాళ్ళను అడగొచ్చు. చిన్నపిల్లల తలకు ఆరు సెంటీమీటర్ల అంచున్న బకెట్ హ్యాట్ చాలు. కొనేటప్పుడు దాని తాడును ఒకసారి గట్టిగా లాగి చూడండి. ఉయ్యాలకో జారుడుబల్లకో చిక్కుకుంటే దానంతట అది ఊడిపోయే క్లిప్పు ఉండాలి. లేకపోతే తాడు కత్తిరించేసి, వెనక ఎలాస్టిక్ కుట్టించండి.